సీటు వదిలితే ఎంతిస్తారు?

వెయ్యి శుభలేఖలు పంచిన పెళ్లివారు వెయ్యి మందికి వండించరు. హనుమకొండలోనో పరకాలలోనో ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాక వంటమాస్టరు అడిగే మొదటి ప్రశ్న "ఎంతమందికి?" అని. పెళ్లికూతురి తండ్రి వేళ్ల మీద లెక్క వేసుకుంటాడు. ఆ రోజు ఇంకెన్ని పెళ్లిళ్లున్నాయి, వరికోతలు అయిపోతాయా, దూరపు చుట్టాల్లో ఎవరు వస్తారు, ఎవరు చదివింపులు పంపి ఊరుకుంటారు అని చూసుకుని చివరికి ఏడువందలని చెబుతాడు. చాలాసార్లు ఆ లెక్క సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఎనిమిదివందల మంది వస్తారు. అప్పుడు జరిగేది అందరికీ తెలిసిందే. మేనమామలు, బావమరుదులు, ఇంటి ఆడపడుచులు "మేము తర్వాత తింటాంలే" అంటూ బంతిలోంచి లేస్తారు. మరో గుండిగ అన్నం దిగేదాకా వడ్డన చేస్తూ గడుపుతారు.

విమానయాన సంస్థలు చేసేదీ ఇదే లెక్క. ఉన్న సీట్ల కంటే కొన్ని టికెట్లు ఎక్కువ అమ్ముతాయి. దీన్నే ఓవర్‌బుకింగ్ అంటారు. అందరూ వచ్చేస్తే ఎవరైనా లేస్తారా అని అడుగుతాయి. విమానంలో మేనమామలు ఉండరు కనుక లేచేవారికి ఏదో ఒకటి ముట్టజెప్పాలి. ఆ ముట్టజెప్పేది ఎంత, లేచినవారి హక్కులు ఏమవుతాయి, అసలు ఎవరు లేవడం లాభం అనే ప్రశ్నలకు జవాబు ప్రయాణికుణ్ని బట్టి మారుతుంది. శంషాబాద్ చేరడానికే మూడు నాలుగు గంటలు రోడ్డు మీద గడిపే వరంగల్, కరీంనగర్, జగిత్యాల వాసుల లెక్క, బేగంపేట నుంచి క్యాబ్‌లో వచ్చేవారి లెక్కలా ఉండదు.

ముందుగా సంస్థల వైపు నుంచి చూడాలి. విమానం నేలను వదిలిన మరుక్షణం ఖాళీ సీటు విలువ సున్నా. అమ్ముడుపోని చీర రేపు అమ్ముడుపోతుంది, ఖాళీగా ఎగిరిన సీటు మళ్లీ రాదు. 186 సీట్ల విమానానికి 190 టికెట్లు అమ్మారనుకుందాం. నూటికి అయిదుగురు రారని పాత అనుభవం చెబుతోందనుకుందాం. సగటున వచ్చేది 180 మందే. సీట్లు చాలకపోవాలంటే మొత్తం 190 మందిలో రానివారు ముగ్గురికి మించకూడదు. ఎవరి రాక వారిదే, ఒకరితో ఒకరికి సంబంధం లేదనుకుంటే అలా జరిగే అవకాశం సుమారు 1.3 శాతం, అంటే దాదాపు 75 విమానాల్లో ఒకదానికి. టికెట్ 4,000 రూపాయలైతే నాలుగు అదనపు టికెట్ల మీద 75 విమానాలకు సంస్థకు వచ్చేది 12 లక్షలు. ఆ ఒక్క విమానంలో మిగిలిపోయేది మహా అయితే నలుగురు. తలా పది వేలు ఇచ్చినా 40,000. సీటు వదలమని అడిగే ఉద్యోగి మొహమాటంగా, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు ఒక చిన్న మొత్తం చెప్పినప్పుడు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ఈ లెక్కలో ఒక చిన్న మోసం ఉంది. రాని ప్రయాణికుడికి పన్నులు, విమానాశ్రయ రుసుములు తప్ప తక్కువ ధర టికెట్లలో పెద్దగా ఏమీ తిరిగి రాదు. అంటే అతని సీటుకు డబ్బు ముందే ముట్టింది. అదే సీటును మరొకరికి అమ్మితే ఒకే గదికి ఇద్దరి దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నట్టే. ఓవర్‌బుకింగ్ వల్ల టికెట్ ధరలు తగ్గుతాయని సంస్థలు చెప్పే మాటలో కొంత నిజం ఉంది. ఆ తగ్గింపు ఎంతో మాత్రం ఏ టికెట్ మీదా రాసి ఉండదు.

రెండో చిక్కు ఇంకా ఆసక్తికరమైనది. ఎవరి రాక వారిదే అన్న ఊహ మన దగ్గర నిలవదు. మనవాళ్లు గుంపులుగా ప్రయాణిస్తారు. ముహూర్తాల నెలలో ఒక పెళ్లి బృందం ఇరవై టికెట్లు తీసుకుంటే ఇరవై మందీ వస్తారు, లేదా పెళ్లి వాయిదా పడితే ఒక్కరూ రారు. అమెరికాలో చదువులు మొదలయ్యే ముందు, ఆగస్టులో, ప్రతి సీటులో తప్పక వెళ్లవలసిన విద్యార్థే ఉంటాడు. రెండేళ్లకోసారి మేడారం జాతర ముగిసిన వారం సెలవు మీద వచ్చిన గల్ఫ్ కార్మికులు ఒక్కసారిగా తిరుగుముఖం పడతారు. ఏడాది సగటు మీద వేసిన అంచనా అలాంటి రోజుల్లో తలకిందులవుతుంది. సంస్థల కంప్యూటర్లు కాలాన్ని బట్టి, దారిని బట్టి అంచనాలు మార్చుకుంటాయన్నది నిజమే. అయినా ఏ వారంలో సీటు వదలమని అడిగే అవకాశం ఎక్కువో చెప్పడానికి పంచాంగం కూడా పనికొస్తుంది.

ఓవర్‌బుకింగ్ ఒక్కటే కారణం కూడా కాదు. 232 సీట్ల ఏ321 బదులు చివరి నిమిషంలో 186 సీట్ల ఏ320 వస్తే 46 మంది మిగిలిపోతారు. మరో ఊరి విమానం నడపాల్సిన సిబ్బందిని ఇదే విమానంలో పంపాల్సి రావచ్చు. ప్రయాణికుడికి తెలిసేది మాత్రం ఒక్కటే: గేటు దగ్గర మైకులో పిలుపు.

రైల్వే ఇదే పనిని దాచుకోకుండా చేస్తుంది. కాజీపేటలో రైలెక్కే ఎవరినైనా ఆర్‌ఏసీ అంటే ఏమిటని అడిగితే చెబుతారు. పక్క కింది బెర్తు మీద ఇద్దరు కూర్చోవాలి, ఎవరైనా రాకపోతే బెర్తు దొరుకుతుంది. టికెట్ కొన్నప్పుడే ఆ సంగతి తెలుసు. మనిషి ఆ మేరకు సిద్ధపడి దుప్పటి తెచ్చుకుంటాడు. విమానంలో 190 మందికీ ఖరారైన టికెట్టే ఇస్తారు, వారిలో నలుగురిది నిజానికి ఆర్‌ఏసీ, ఆ నలుగురు ఎవరో చివరిదాకా ఎవరికీ తెలియదు. రైలులో ఒక బెర్తును ఇద్దరు సర్దుకోవచ్చు, విమానంలో ఆ వీలు లేదు. సర్దుబాటుకు మిగిలింది డబ్బే.

డబ్బుతో సర్దుబాటు చేయాలన్న ఆలోచనకు కూడా ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1960ల్లో ఎక్కువమంది వచ్చినప్పుడు సంస్థే తనకు తోచినవారిని ఆపేసేది. 1968లో జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త ఒక ఉపాయం ప్రచురించాడు. ప్రయాణికులు ఎంతిస్తే ఆగిపోతారో ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి ఇవ్వాలి, అతి తక్కువ అడిగినవారికి ఆ సొమ్ము ఇచ్చి ఆపాలి. అంగడిలో బేరానికి అలవాటుపడ్డ మనకు ఇందులో వింత కనిపించదు. అప్పటి విమాన సంస్థలకు మాత్రం ఇది నవ్వులాటగా తోచింది. 1972లో వినియోగదారుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్‌ను అలెగెనీ ఎయిర్‌లైన్స్ విమానంలో ఎక్కనివ్వలేదు. ఖరారైన టికెట్ అతని చేతిలోనే ఉంది. ఓవర్‌బుకింగ్ చేస్తామని ముందు చెప్పకపోవడం వంచన కిందికి వస్తుందా అన్న ఆ కేసు కోర్టులో నడవవచ్చని 1976లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత పౌర విమానయాన బోర్డు అధ్యక్షుడిగా వచ్చిన ఆల్ఫ్రెడ్ కాన్ కూడా ఆర్థికవేత్తే. ముందు స్వచ్ఛందంగా వదిలేవారిని అడగాలి, ఆ తర్వాతే ఎవరినైనా బలవంతంగా ఆపాలి అన్న నిబంధన 1978లో వచ్చింది. నవ్వులపాలైన ఉపాయం చట్టంలో చేరడానికి పదేళ్లు పట్టింది.

దాని ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2016లో అమెరికాలోని పెద్ద సంస్థల విమానాల్లో డబ్బో వోచరో తీసుకుని తామే సీటు వదిలినవారు సుమారు 4,34,000 మంది. ఇష్టం లేకుండా ఆగిపోయినవారు సుమారు 40,600. ఒకరిని బలవంతంగా ఆపినచోట పది మందికి పైగా సంతోషంగా ఆగారన్నమాట.

ఆ సంతోషం ఎక్కడ తెగిపోతుందో మరుసటి ఏడాది తేలింది. 2017 ఏప్రిల్ 9న షికాగో నుంచి లూయివిల్ వెళ్లే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో నలుగురు సిబ్బందికి చోటు కావలసి వచ్చింది. అప్పటికే ప్రయాణికులు సీట్లలో కూర్చున్నారు. 400 డాలర్లు అన్నారు, 800 అన్నారు, ఎవరూ లేవలేదు. ఆదివారం సాయంత్రం అది. తర్వాతి విమానం సోమవారం మధ్యాహ్నం, అంటే ఒక పనిదినం పోతుంది. వేలం అక్కడితో ఆపేసి నలుగురి పేర్లు పిలిచారు. లేవనన్న డేవిడ్ డావో అనే వైద్యుణ్ని భద్రతా సిబ్బంది ఈడ్చుకెళ్లిన వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ నెలలోనే ఆ సంస్థ సీటు వదిలేవారికి ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని 10,000 డాలర్లకు పెంచింది, మరో సంస్థ డెల్టా 9,950కి పెంచింది. ఇంకో వెయ్యి డాలర్లు ఎక్కువ చెప్పి ఉంటే ఎవరో ఒకరు నవ్వుతూ సంచీ దించుకునేవారేమో. విమానంలోకి అనుమతించి కూర్చోబెట్టాక ఓవర్‌బుకింగ్ పేరుతో దించకూడదన్న నిబంధన 2021లో అమెరికాలో ఖరారైంది.

ఇక మన దేశం. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఓవర్‌బుకింగ్‌ను నిషేధించలేదు. ఎక్కువ మంది వస్తే ముందుగా స్వచ్ఛందంగా వదిలేవారిని అడగమంది. వారికి ఇచ్చేది మాత్రం సంస్థ ఇష్టానికి వదిలింది. ఎవరూ ముందుకు రాక, ఖరారైన టికెట్‌తో వేళకు వచ్చిన ప్రయాణికుణ్ని అతని ఇష్టానికి విరుద్ధంగా ఆపితే అప్పుడు లెక్క మొదలవుతుంది. అసలు బయలుదేరే వేళ నుంచి గంటలోపు మరో విమానంలో పంపితే పరిహారం లేదు. గంట దాటి 24 గంటల లోపు పంపితే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, 10,000 రూపాయలకు మించకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, 20,000కు మించకుండా. మరో విమానం వద్దనుకుంటే టికెట్ పూర్తి సొమ్ము వాపసుతో పాటు అదే నాలుగింతలు, అదే 20,000 హద్దు. ఈ మొత్తాలు 2016 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. హనుమకొండ నుంచి తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి శంషాబాద్ చేరిన ఒక ఉద్యోగి ఉన్నాడనుకుందాం. ఎనిమిదిన్నర బెంగళూరు విమానం, మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి 3,400 రూపాయలు. కౌంటర్‌లోని అమ్మాయి మర్యాదగా అడుగుతుంది: "సార్, మధ్యాహ్నం రెండు గంటల విమానంలో వెళ్తారా? 5,000 రూపాయల వోచర్ ఇస్తాం." అతను ఊరికే ఉండి, సంస్థ అతణ్నే ఆపి ఉంటే రావలసింది 6,800. పైగా అది వోచర్ కాదు, పరిహారం. సరేనని సంతకం పెట్టిన క్షణంలో అతను స్వచ్ఛందంగా వదిలినవాడయ్యాడు, 6,800 లెక్క అతనికి వర్తించదు. ఒప్పుకున్నదే దక్కుతుంది. మొత్తం వ్యవహారంలో ప్రయాణికుడు గుర్తుపెట్టుకోవలసిన మెలిక ఇదే. వాలంటీరు అనగానే మనకు జాతరలో క్యూ సరిచేస్తూ, మంచినీళ్లు అందించే కుర్రాళ్లు గుర్తొస్తారు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. చట్టం ఇచ్చే పరిహారాన్ని పక్కన పెట్టి సొంత బేరానికి దిగిన మనిషి వాలంటీరు.

అలాగని ఊరికే ఉంటే 6,800 వచ్చి పడుతుందని కాదు. ఆపేది తననే అన్న హామీ లేదు. తనను ఆపకపోతే విమానమెక్కి వెళ్లిపోతాడు, అదీ మంచిదే. అందుకే అడిగినప్పుడు రెండు అంకెలు మనసులో ఉండాలి. ఒకటి, బలవంతంగా ఆపితే వచ్చేది. రెండు, తన ఆలస్యం తనకు నిజంగా ఎంత నష్టమో అది. ఈ రెండింటిలో పెద్దదాని కంటే ఎక్కువ ఇస్తేనే సీటు వదలడం బేరం అనిపించుకుంటుంది. ఎవరూ ముందుకు రాని కొద్దీ సంస్థ చెప్పే మొత్తం పెరగవచ్చు. మొదటి మాటకే చేయెత్తినవారికి మొదటి మాటే దక్కుతుంది.

మన నిబంధనల్లోని 10,000 హద్దు గురించి ఒక మాట. పండుగల ముందు, వరుస సెలవుల్లో చివరి నిమిషపు టికెట్ ఒక్కటే ఆ హద్దు దాటుతుంది. బలవంతంగా ఆపినా పదివేలతో పోతుందని తెలిసిన సంస్థ, స్వచ్ఛందంగా వదిలేవారికి అంతకంటే ఎక్కువ ఎందుకు ఇస్తుంది? అమెరికా తన హద్దులను పెంచుతూ వచ్చింది. 2025 జనవరి నుంచి అక్కడి గరిష్ఠ పరిహారాలు 1,075 డాలర్లు, 2,150 డాలర్లు. పెనాల్టీ పెద్దదైతే వేలం ఎత్తుకు వెళుతుంది, చిన్నదైతే మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. మన గేట్ల దగ్గర వేలం దాదాపు వినిపించకపోవడానికి మన మొహమాటం కంటే ఈ హద్దే పెద్ద కారణంగా కనిపిస్తుంది.

ఆ చిన్న పరిహారం కూడా సరిగా అందలేదని 2022లో బయటపడింది. బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీల్లో డీజీసీఏ తనిఖీలు చేసి, టికెట్ ఉన్నవారిని ఎక్కనివ్వకుండా పరిహారం విషయంలో నిబంధనలు పాటించలేదంటూ ఎయిర్ ఇండియాకు 10 లక్షల జరిమానా విధించింది. ఫిర్యాదుకు కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ వేదిక ఉంది. బోర్డింగ్ పాస్, టికెట్ కాపీ, ఆపిన కారణం రాసిన కాగితం చేతిలో ఉంటేనే ఫిర్యాదుకు కాళ్లొస్తాయి.

విదేశీ ప్రయాణంలో ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్నది మరో ముడి. యూరోపియన్ యూనియన్ 2004 నాటి 261వ నిబంధన యూరప్ విమానాశ్రయాల నుంచి బయలుదేరే ఏ సంస్థ విమానానికైనా వర్తిస్తుంది. బయటి నుంచి యూరప్‌కు వెళ్లేటప్పుడైతే యూరప్ సంస్థల విమానాలకే. ఇష్టం లేకుండా ఆపితే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు. ప్రయాణికుడు సంతకం చేసి ఒప్పుకుంటే తప్ప వోచర్‌తో సరిపెట్టకూడదు. అమెరికా నిబంధనలు ఆ దేశం నుంచి బయలుదేరే విమానాలకు వర్తిస్తాయి కానీ ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేవాటికి వర్తించవు. కాబట్టి కరీంనగర్ విద్యార్థి శంషాబాద్‌లో ఆగిపోతే ఒక లెక్క, సెలవులకు వస్తూ షికాగోలో ఆగితే వేరే లెక్క. ఒకే టికెట్, రెండు ధరలు.

సీటు వదలడానికి ఎవరు తగినవారన్న ప్రశ్నకు సైమన్ జవాబు తేలికైనది: ఎవరి సమయం చవకో వారు. ఉత్తర తెలంగాణ నుంచి విమానమెక్కేవారిని ఒకసారి వరుసగా నిలబెట్టి చూస్తే ఆ జవాబు ఎక్కడ పొసగుతుందో, ఎక్కడ పొసగదో తెలుస్తుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి దుబాయ్‌కో రియాద్‌కో వెళ్లే కార్మికుడి సంగతి మొదట. ఊరి నుంచి తుఫాన్ బండి మాట్లాడుకుని భార్య, పిల్లలు, అన్నదమ్ములు అందరూ శంషాబాద్ దాకా వస్తారు. టెర్మినల్ గాజు తలుపుల దగ్గర ఏడుపులు, దండాలు అయ్యాక అతను లోపలికి వెళతాడు, బండి ఊరికి మళ్లుతుంది. మరుసటి రోజు విమానంలో వెళ్లమంటే అతనికి తిరిగి వెళ్లడానికి ఇల్లు రెండువందల కిలోమీటర్ల దూరం. అంతకంటే పెద్ద సమస్య తేదీ. యూఏఈలో సాధారణంగా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే నివాస అనుమతి చెల్లకుండా పోతుంది. సౌదీ నుంచి సెలవు మీద వచ్చినవారి రీఎంట్రీ వీసా మీద గడువు రాసే ఉంటుంది. సెలవును చివరి రోజుదాకా వాడుకుని గడువుకు ఒక్క రోజు ముందు బయలుదేరే అలవాటు మనవాళ్లది. అలాంటివారికి 20,000 ఇచ్చినా, 50,000 ఇచ్చినా సీటు వదలడం నష్టమే. కంపెనీ కోసే జీతం సంగతి వేరే.

ఇదే మనిషిని బలవంతంగా ఆపే ప్రమాదం కూడా ఎక్కువ. ఎవరిని ఆపాలన్నది సంస్థలు తమ నియమాల ప్రకారం తేల్చుకుంటాయి. ఆలస్యంగా చెక్‌ఇన్ చేసినవారు, తక్కువ ఛార్జీకి కొన్నవారు, తరచూ ప్రయాణించే సభ్యత్వం లేనివారు ముందు వరుసలో ఉంటారు. ఆర్మూరులోనో మెట్‌పల్లిలోనో ట్రావెల్ ఏజెంటు టికెట్ చేసినప్పుడు బుకింగ్‌లో తన ఫోను నంబరు, తన మెయిలే రాస్తాడు. వెబ్ చెక్‌ఇన్ మొదలైందన్న సందేశం, విమానం వేళ మారిందన్న సందేశం, సీటు వదిలితే ఇంత ఇస్తామన్న ముందస్తు కబురు అన్నీ ఏజెంటు ఫోనుకే వెళతాయి. అక్కడ అవి వందల సందేశాల మధ్య కూరుకుపోతాయి. ప్రయాణికుడు కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి సీటు నంబరు లేని బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టి "సీటు గేటు దగ్గర ఇస్తారు" అంటారు. ఆ మాట ప్రతిసారీ ప్రమాద ఘంటిక కాదు, కానీ ఓవర్‌బుకింగ్ అయిన రోజు ఆగిపోయేవారు ఎక్కువగా ఈ గుంపులోంచే వస్తారు. టికెట్ చేయించుకునేటప్పుడు సొంత నంబరు రాయించుకోవడానికి పైసా ఖర్చు లేదు.

విద్యార్థి సంగతి మధ్యస్థంగా ఉంటుంది. చదువు మొదలయ్యే తేదీకి వారం ముందు వెళుతున్నవాడైతే ఒక రోజు ఆలస్యం పెద్ద నష్టం కాదు. అమెరికా విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉన్న తేదీకి ముందురోజు వెళుతున్నవాడైతే ఆ ఊసే ఎత్తకూడదు. మరో సంగతి, మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉందా లేదా అన్నది. డబ్బు కలిసొస్తుందని ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి మరో టికెట్ తీసుకున్నవారు మొదటి విమానంలో సీటు వదిలితే రెండో టికెట్ గాలికి పోయినట్టే. దానికి ఏ సంస్థా పూచీ పడదు. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట రాత్రి ఆపి హోటల్ ఇస్తామంటే, ఆ హోటల్ విమానాశ్రయం బయట ఉంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి. అది లేని పిల్లవాడికి హోటల్ గది ఉత్త మాట, రాత్రంతా ఇనుప కుర్చీయే.

సైమన్ లెక్కకు అందరికంటే బాగా సరిపోయేవారు వేరే ఉన్నారు. అమెరికాలో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో అయిదు నెలలు ఉండి తిరిగి వస్తున్న అమ్మానాన్నలు. పదవీ విరమణ అయింది, హనుమకొండలో ఇంటి తాళం ఒక రోజు ఆలస్యంగా తీసినా కొంప మునగదు. అమెరికాలో ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రంలో ఇచ్చిన గడువు ఇంకా ఉంటే అమెరికాలో మరో రాత్రి గడపడంలో చిక్కు లేదు, మనవరాలి దగ్గరే పడుకోవచ్చు. పైగా వారు ఎక్కేది అమెరికా నుంచి బయలుదేరే విమానం, పరిహారపు హద్దు ఎక్కువ ఉన్న చోటు. అక్కడ గేటు దగ్గర ఒక్కొక్కరికి 800, 1,000 డాలర్లు అని పిలుస్తుంటే చేయెత్తవలసినవారు వీరే. ఎత్తరు. ఆ మైకులో వేగంగా దొర్లే ఇంగ్లిషు అర్థం కాదు, అర్థమైనా అడగడానికి జంకు, వీల్‌చైర్ తోసే మనిషి ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటారు. సమయం చవకగా ఉన్నవారికి వేలం వినబడదు. ఆర్థికశాస్త్రపు కాగితం మీద లేని సంగతి ఇది. పిల్లలు విమానాశ్రయంలో వదిలి వెళ్లేముందు ఈ సంగతి చెప్పి, ఫోనులో అందుబాటులో ఉంటే వెయ్యి డాలర్లు ఊరికే పోకుండా ఉంటాయి.

అయితే వారి బీపీ, షుగరు మందులు చేతి సంచీలోనే ఉండాలి. చెక్‌ఇన్ చేసిన పెట్టె ఒక్కోసారి యజమాని లేకుండానే ముందు విమానంలో వెళ్లిపోతుంది, ఒక్కోసారి దించేస్తారు. సీటు వదిలేముందు పెట్టె ఎక్కడుంటుందో అడగకపోతే మనిషి డల్లాస్‌లో, మందులు శంషాబాద్ బెల్టు మీద ఉంటాయి.

బేరం కుదిరాక కూడా మాటల్లో తేడాలు చూసుకోవాలి. తర్వాతి విమానంలో ఖరారైన సీటు ఇస్తారా, ఖాళీ ఉంటే ఎక్కిస్తారా అన్నది అన్నిటికంటే ముఖ్యం. రెండోదైతే అది ఆర్‌ఏసీ కూడా కాదు, ఉత్త వెయిటింగ్ లిస్టు. వోచర్ అయితే ఎన్నాళ్లు చెల్లుతుంది, ఇంట్లోవాళ్లకు వాడవచ్చా, పండుగ రోజుల్లో పనిచేస్తుందా చూడాలి. ఏడాదికొకసారి విమానమెక్కే కుటుంబానికి గడువు తీరే వోచర్ కంటే అందులో సగం నగదు మేలు. భోజనం, రాత్రి బస, విమానాశ్రయం నుంచి బసకు బండి ఇవన్నీ అడిగితే వచ్చేవి. వరంగల్ నుంచి వచ్చినవారు ఇంకొకటి కలుపుకోవాలి. తీసుకెళ్లడానికి అవతలి ఊళ్లో ఎదురుచూస్తున్న మనిషి, అక్కడ ముందే కట్టిన గది అద్దె, మళ్లీ రాత్రి దిగితే బండి దొరకక పడే ఇబ్బంది. చెప్పినదంతా కాగితం మీదో మెయిల్‌లోనో వచ్చాకే బోర్డింగ్ పాస్ చేతికివ్వాలి. ఒక్కోసారి పేరు రాసుకుని ఆఖరిదాకా కూర్చోబెడతారు, రావలసినవారు రాకపోవడంతో "మీ సీటు మీకే ఉంది, ఎక్కండి" అంటారు. అప్పుడు ఏమీ రాదు. పైన పెట్టుకునే సంచీకి చోటు కూడా దొరకదు.

ఈ లెక్కలన్నీ శంషాబాద్ దూరాన్ని బట్టి వేసినవి. వరంగల్ పక్కనే మామునూరులో 1930లో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం ఉంది. 1981 తర్వాత అక్కడ ప్రయాణికుల విమానాలు లేవు. దాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. అక్కడి నుంచి విమానాలు మొదలైతే సీటు వదిలిన మనిషి అరగంటలో ఇంటికి వెళ్లి అన్నం తింటాడు, హోటల్ గది అక్కర్లేదు. సమయం ఆ మేరకు చవకవుతుంది. కానీ చిన్న విమానాశ్రయంలో ఒక ఊరికి రోజుకు ఒక్క విమానమే ఉంటే తర్వాతిది మరుసటి రోజు అదే వేళకు, అంటే సరిగ్గా 24 గంటలకు. బలవంతంగా ఆపినా పదివేల మెట్టు దాటదు. అదే విమానం వారానికి మూడు రోజులే నడిస్తే తర్వాతిది 24 గంటలు దాటాకే వస్తుంది, హద్దు ఇరవై వేలవుతుంది. రోజూ విమానం కావాలని కోరే ఊరికి, సీటు వదిలే రోజున మాత్రం రోజు విడిచి రోజు వచ్చే విమానమే లాభం.